ఉక్రెయిన్ తొలి ప్రభుత్వంలో పోలిష్ మంత్రి: ఆయన ఎవరి తరఫున కూర్చున్నట్టు?

కోనసీమ చదువరి:

అందరికీ నమస్కారం. నేను అమలాపురంలో ఉండి పోటీ పరీక్షకు చదువుకుంటున్నాను, చరిత్రను ఐచ్ఛికంగా తీసుకున్నాను. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో తూర్పు ఐరోపాలో పుట్టి, కొన్ని నెలలకో ఏళ్లకో మాయమైన ప్రభుత్వాల గురించి చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 1917లో కీవ్ నగరంలో ఏర్పడిన ఉక్రేనియన్ కేంద్ర రాడా (అంటే జాతీయ సభ) ప్రభుత్వంలో మెచిస్లావ్ మిత్స్‌కేవిచ్ అనే పోలిష్ న్యాయవాది పోలిష్ వ్యవహారాల కార్యదర్శిగా, తరువాత మంత్రిగా పనిచేశారని ఆ వాక్యం చెబుతోంది.

నా సందేహం ఇది. అదే ప్రభుత్వం 1917 నవంబరులో భూస్వాముల యాజమాన్యాన్ని రద్దు చేసింది. ద్నీపర్ నదికి పడమటి వైపున ఉన్న పెద్ద భూస్వాముల్లో పోలిష్ వారే చాలా ఎక్కువని కూడా చదివాను. మా తాతగారు ఒక అగ్రహారపు భూమిని మక్తాకు చేసుకుని బతికినవారు. భూమి గలవాడి మాట, దున్నేవాడి మాట ఒక్క నోటితో చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదని ఆయన అంటూ ఉండేవారు. అలాంటప్పుడు ఈ మంత్రి ఎవరి మనిషి? ప్రభుత్వం తరఫున పోలిష్ ప్రజలకు నచ్చజెప్పడానికి పెట్టుకున్న మనిషా, లేక పోలిష్ ప్రజల తరఫున ప్రభుత్వాన్ని నిలదీయడానికి వెళ్లిన మనిషా? 1920లో కూడా ఉక్రెయిన్ ప్రభుత్వంలో ఇద్దరు పోలిష్ వ్యక్తుల పేర్లు కనబడుతున్నాయి. అది కూడా ఇదే ఏర్పాటా, వేరే కథా? తెలిసినవారు వివరించగలరు.

రామచంద్రపురం మాస్టారు (విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు):

తాతగారి మాటతో మొదలుపెట్టారు కాబట్టి నేనూ భూమితోనే మొదలుపెడతాను. కీవ్, వోలిన్, పొదీల్యా అనే మూడు పరగణాలు పోలండ్ విభజనల కారణంగా 18వ శతాబ్దం చివర రష్యా చేతికి వచ్చాయి. దొరతనం మారింది గాని భూమి మీద పేర్లు మారలేదు. దున్నేవాడు ఉక్రేనియన్, ఆర్థడాక్స్ క్రైస్తవుడు; భూస్వామి పోలిష్, కాథలిక్కు; ఊళ్లో వర్తకుడు యూదుడు; కచేరీలో కూర్చున్న అధికారి రష్యన్. 1863లో పోలిష్ వారు తిరుగుబాటు చేసి ఓడిపోయిన తరువాత, 1865 డిసెంబరులో జారు ప్రభుత్వం ఈ పడమటి పరగణాల్లో పోలిష్ వారు వారసత్వంగా తప్ప కొత్తగా భూమి సంపాదించకూడదని శాసించింది. ఒకసారి చేజారిన ఎకరం మళ్లీ రాదని తెలిసినవాడు దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటాడో మన ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఆ విధంగా అక్కడి పోలిష్ కుటుంబాలకు భూమి ఆస్తిగానే కాక తమ ఉనికికి గుర్తుగా కూడా మారిపోయింది.

అయితే పోలిష్ వారందరూ భూస్వాములనుకుంటే మాత్రం పొరపాటు. 1897 జనాభా లెక్కల్లో ఆ మూడు పరగణాల్లో కలిపి పోలిష్ మాట్లాడేవారు సుమారు 3,20,000 మంది ఉన్నారు. వోలిన్‌లో నూటికి ఆరుగురు, మిగతా రెండింటిలో నూటికి ఇద్దరు చొప్పున అన్నమాట. వీరిలో ఎస్టేట్ల గుమాస్తాలు, బీట్ దుంపల చక్కెర కర్మాగారాల్లో పనివారు, కీవ్‌లో వకీళ్లు, వైద్యులు, కాగితం మీద మాత్రమే కులీనులై పరుల భూమికి శిస్తు కట్టుకుంటూ బతికే పేదలు కూడా ఉన్నారు. యుద్ధం వల్ల పోలండ్ నుంచి తరలివచ్చిన కాందిశీకులు వీరికి తోడయ్యారు.

1917 ఫిబ్రవరి విప్లవం తరువాత ఈ జనం తరఫున రెండు గొంతులు వినిపించాయి. మొదటిది యోఆహిమ్ బార్తొషేవిచ్ నాయకత్వంలోని పోలిష్ కార్యనిర్వాహక సంఘం. ఇది భూస్వాముల మొగ్గు ఉన్న, జాతీయవాద ధోరణి గల సంఘం. రెండవది పోలిష్ డెమోక్రటిక్ సెంటర్ అనే చిన్న పార్టీ. విద్యావంతులు, ఉదారవాదులైన కొందరు భూస్వాములు ఇందులో ఉండేవారు. ఉక్రేనియన్లు మేలుకున్నారు, ఈ నేల వారిది, వారితో కలిసి నడవకపోతే మనకిక్కడ నిలువ నీడ ఉండదు అన్నది వీరి లెక్క. మిత్స్‌కేవిచ్ ఈ రెండవ గూటివారు.

కేంద్ర రాడాకు మిఖాయ్‌లో హ్రుషెవ్‌స్కీ అధ్యక్షుడు. దాని కార్యవర్గమైన జనరల్ సెక్రటేరియట్‌కు వొలోదిమిర్ విన్నిచెంకో అధిపతి. 1917 వేసవిలో రాడా అల్పసంఖ్యాకులకు చోటిచ్చినప్పుడు, ఒలెక్సాందర్ షుల్హిన్ నడిపే జాతుల వ్యవహారాల శాఖ కింద రష్యన్, యూదు, పోలిష్ వ్యవహారాలకు వేర్వేరు ఉపకార్యదర్శి పదవులను ఏర్పాటు చేశారు. మిత్స్‌కేవిచ్ పోలిష్ వ్యవహారాలను, మొయిసేయ్ జిల్బర్‌ఫార్బ్ యూదు వ్యవహారాలను చేపట్టారు. తరువాత ఆ పదవులను పూర్తి స్థాయి కార్యదర్శి పదవులుగానూ, 1918 జనవరిలో స్వాతంత్ర్య ప్రకటన తరువాత మంత్రిత్వ శాఖలుగానూ పెంచారు.

ఇక మీరు అడిగిన మెలికకు వద్దాం. పాత కాలెండరు ప్రకారం 1917 నవంబరు 7న, కొత్త లెక్కలో 20న, రాడా మూడవ యూనివర్సల్ అనే ప్రకటనను వెలువరించింది. భూస్వాముల, మఠాల, రాచభూముల యాజమాన్యం రద్దయిందనీ, ఆ భూమి పరిహారం లేకుండా శ్రామిక ప్రజలకు చెందుతుందనీ అందులో ఉంది. రష్యన్, యూదు, పోలిష్ ప్రజలకు బడుల వంటి తమ వ్యవహారాలను తాము చూసుకునే స్వయంప్రతిపత్తి ఇస్తామని కూడా అందులోనే ఉంది. ఒక చేత్తో భూమి తీసుకుని మరో చేత్తో బడి ఇచ్చిన కాగితం అది. మిత్స్‌కేవిచ్ ఆ రెండవ చేతిని పట్టుకుని ప్రభుత్వంలో కొనసాగారు. బార్తొషేవిచ్ వర్గం కంటికి మొదటి చెయ్యి మాత్రమే కనిపించింది. ఇక ఉక్రేనియన్ రైతు కంటికి ఏ పార్టీ పోలిష్ మనిషైనా 'పాన్' గారే, అంటే మన దొరగారు. తన జనంలో బలవంతులు తనవాడు కాదన్నారు, ఏ జనం కోసం ఏర్పడిన ప్రభుత్వమో వారు పరాయివాడన్నారు. ఆయన పదవీకాలమంతా ఈ ఇరుకులోనే గడిచింది.

1918 ఫిబ్రవరి 9న పరిస్థితి మరింత విషమించింది. బ్రెస్ట్-లితోవ్‌స్క్‌లో ఉక్రెయిన్ జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ పక్షంతో చేసుకున్న సంధిలో, పోలిష్ వారు తమదిగా భావించే హెల్మ్ ప్రాంతం ఉక్రెయిన్‌కు దక్కింది. వార్సాలో కుహజెవ్‌స్కీ ప్రభుత్వం రాజీనామా చేసింది. ఆస్ట్రియా సైన్యంలో పనిచేస్తున్న యూజెఫ్ హాలర్ పోలిష్ బలగం యుద్ధరేఖను దాటి అవతలికి వెళ్లిపోయింది. అలాంటి రోజుల్లో ఉక్రెయిన్ ప్రభుత్వపు పోలిష్ మంత్రి అనే మాటకే అర్థం మిగలలేదు.

యానాం పాఠకురాలు:

మాస్టారూ, మీ వివరణ చాలా బాగుంది. అయితే 'ఎవరి మనిషి' అన్న ప్రశ్నను కొంచెం పక్కకు జరపాలని నాకనిపిస్తోంది. మా యానాం నుంచి పుదుచ్చేరి శాసనసభకు ఒక్కరే ఎన్నికవుతారు. ఎన్నికయ్యే 30 మందిలో ఆ ఒక్కరు తెలుగు ఊరి ప్రతినిధి. ఆయన ఎవరి మనిషో మాకు అనుమానం లేదు, ఎందుకంటే యానాంకు గీత గీసిన సరిహద్దు ఉంది. ఉక్రెయిన్‌లోని పోలిష్ వారికి అటువంటి యానాం లేదు. వారు మూడు పరగణాల్లో నూటికి ఇద్దరో ఆరుగురో చొప్పున చెదిరి ఉన్నారు. చెదిరి ఉన్న జనానికి ప్రాంతం పేరు మీద హక్కు ఇవ్వడం కుదరదు.

ఈ చిక్కుకు ఆస్ట్రియా సోషలిస్టులు కార్ల్ రెన్నర్, ఒట్టో బావర్ అప్పటికే ఒక ఉపాయం ప్రతిపాదించి ఉన్నారు. జాతిహక్కును నేలకు కాకుండా మనిషికి కట్టాలి, ఎక్కడ ఉన్నా అతని హక్కు అతనితోనే ఉంటుంది అన్నది వారి వాదన. రాడా 1918 జనవరిలో (పాత లెక్క ప్రకారం 9, కొత్త లెక్క ప్రకారం 22) ఆమోదించిన చట్టం సరిగ్గా దీన్నే చేసింది. పోలిష్ పౌరులు తమ పేర్లను ఒక పట్టికలో నమోదు చేసుకుంటారు. ఆ పట్టికలోనివారు ఓట్లు వేసి తమ జాతీయ సభను ఎన్నుకుంటారు. ఆ సభకు ప్రభుత్వ ఖజానా నుంచి వాటా వస్తుంది, తన వారి మీద పన్ను వేసుకునే అధికారం కూడా ఉంటుంది. రష్యన్, యూదు, పోలిష్ జాతులకు ఈ హక్కు నేరుగా వచ్చింది. బెలారూసియన్, జర్మన్, తాతార్, గ్రీకు వంటివారు పది వేల మంది సంతకాలతో అర్జీ పెట్టుకుంటే పొందవచ్చు.

ఇప్పుడు చదువరి గారి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మిత్స్‌కేవిచ్‌ను పోలిష్ ప్రజలు ఓటు వేసి పంపలేదు, ఒక పార్టీ ద్వారా ఆయన ప్రభుత్వంలోకి వచ్చారు. ఆ సభ ఏర్పడి ఉంటే మంత్రి ఆ సభకు లెక్క చెప్పవలసి వచ్చేది, అప్పుడు ఆయన నిజంగా పోలిష్ ప్రజల మనిషి అయ్యేవారు. కానీ చట్టం వచ్చిన పదిహేడు రోజులకే, అంటే ఫిబ్రవరి 8న, బోల్షెవిక్ సైన్యం కీవ్‌ను పట్టుకుంది. రాడా మార్చి మొదట్లో జర్మన్ సైన్యం అండతో తిరిగి వచ్చింది, ఏప్రిల్ 29న తన రాజ్యాంగంలో ఆ చట్టాన్ని చేర్చింది, ఆ రోజే సేనాని స్కొరొపాద్‌స్కీ రాడాను కూలదోసి హెట్‌మన్, అంటే పాలకుడు, అయ్యారు.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆ ప్రభుత్వం వేసిన మొదటి నోటు 100 కార్బొవానెత్సులది, చిత్రకారుడు హెయోర్హీ నార్బుత్ రూపొందించినది. దాని మీద విలువను ఉక్రేనియన్‌తో పాటు రష్యన్, పోలిష్, యిద్దిష్ భాషల్లోనూ ముద్రించారు. మన నోటు వెనక పట్టీలో పదిహేను భాషల నడుమ, చివరి నుంచి రెండవ వరుసలో, ఉర్దూకు పైన తెలుగును చూసినప్పుడల్లా నాకు ఆ నోటు గుర్తుకొస్తుంది. మంత్రిత్వ శాఖ చేయలేకపోయిన పనిని ఆ కాగితం ముక్క కొన్నాళ్లు చేసింది: ఈ రాజ్యంలో మీ భాష కూడా ఉంది అని సంతలో అమ్ముకునేవాడి చేతికి చెప్పింది.

లంక రైతు:

నోటు మీద భాష ఉంటే కడుపు నిండదండీ. అమ్మా, మీ మాట కాదనడం లేదు గాని, పై రెండు సమాధానాల్లోనూ భూమి సంగతి మొదట గట్టిగా వచ్చి చివరకు వచ్చేసరికి పలచబడిపోయింది. మాది గోదావరి లంక. ఏటిపాయ ఒక వరదకు ఇటు జరిగితే పట్టా ఒకడిది, ఇసుక ఒకడిది అవుతుంది. కాబట్టి ఎవరి కాగితం ఎవరి చేతిలో ఉందన్నదే నేను మొదట చూస్తాను.

మన దగ్గర 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం కింద పిఠాపురం వంటి జమీందారీలు పోయినప్పుడు జమీందార్లకు పరిహారం ఇచ్చారు. తక్కువ అని వారు గొణిగి ఉండవచ్చు, కానీ ఇచ్చారు. కీవ్‌లో మూడవ యూనివర్సల్ పరిహారమే లేదంది. నోటితో హక్కుల మాట చెబుతూ చేత్తో బతుకుతెరువు లాక్కునే ప్రభుత్వంలో, తన వారి ఆస్తి మీద ఒక్క మాట కూడా గెలిపించలేని మంత్రిని బోర్డు అనక ఏమనాలి? రాడా ఆ శాఖను పెట్టింది లోపలి పోలిష్ వారి కోసం అనే దానికన్నా, మేము అందరినీ కలుపుకుని పోతున్నామని అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాద్‌కూ, బయటి దేశాలకూ చూపించుకోవడానికే అని నా అభిప్రాయం.

హెట్‌మన్ వచ్చాక ఏమైందో చూడండి. ఏప్రిల్ 29ననే భూమి మీద సొంత హక్కును పునరుద్ధరించాడు. జూలైలో స్వయంప్రతిపత్తి చట్టాన్ని కొట్టేశాడు. అంటే ఈసారి దొరలకు భూమి తిరిగి వచ్చింది, బడి పోయింది. పోలిష్ భూస్వాముల్లో ఎందరు ఆ బడి కోసం ఏడ్చారు?

1920 గురించి కూడా చెబుతాను, అది నా వాదానికి ఇంకా బలం. ఆ ఏడాది ఏప్రిల్ 21న పోలండ్ అధినేత పిల్సూద్‌స్కీకీ, ఉక్రెయిన్ ప్రభుత్వ నేత సీమొన్ పెత్ల్యూరాకీ మధ్య వార్సాలో ఒప్పందం కుదిరింది. అందులో భూమి మీద ఒక అంశం ఉంది. ఉక్రెయిన్ భూసమస్యను ఆ దేశపు రాజ్యాంగసభ తేలుస్తుందనీ, అంతవరకు పోలిష్ జాతీయులైన భూస్వాముల న్యాయస్థితిని రెండు ప్రభుత్వాలూ ప్రత్యేక ఒప్పందంతో నిర్ణయిస్తాయనీ దాని సారాంశం. ఆ తరువాత ఏర్పడిన ఉక్రెయిన్ మంత్రివర్గంలో వ్యవసాయ శాఖను ఎవరికి ఇచ్చారు? స్తనీస్వాఫ్ స్తెంపొవ్‌స్కీ అనే పొదీల్యాకు చెందిన పోలిష్ భూస్వామికి. ఇక చెప్పేదేముంది?

రామచంద్రపురం మాస్టారు:

రైతు గారూ, హెట్‌మన్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను. బడి కోసం ఏడ్చిన దొరలు తక్కువే. 'బోర్డు' అన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. చూపించుకోవడానికే అయితే ఒక పోలిష్ వ్యక్తికి శాఖ లేని మంత్రి పదవి ఇచ్చి ఊరుకోవచ్చు. తన వారి మీద పన్ను వేసుకునే అధికారం గల సభను వారికి రాసివ్వనక్కరలేదు. ఆ రోజుల్లో ఐరోపాలో మరే ప్రభుత్వమూ ఒక చెదిరిన అల్పసంఖ్యాక జనానికి ఇంత రాసి ఇవ్వలేదు. నడవకపోవడానికి కారణం కాగితంలో లేదు, కీవ్ వీధుల్లో ఉంది.

స్తెంపొవ్‌స్కీ విషయంలో మీరు కొంచెం తొందరపడ్డారు. ఆయన భూస్వామి అన్నది నిజమే గాని, యువకుడిగా సోషలిస్టులతో తిరిగినవారు. 1917లో మిత్స్‌కేవిచ్ ఉన్న గూటికే చెందినవారు. 1920 మే నెలలో వ్యాచెస్లావ్ ప్రొకొపొవిచ్ మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రిగా చేరి, తరువాత ఆరోగ్య మంత్రిగా మారారు. భూములను దొరలకు తిరిగి ఇప్పించేందుకు ఆయనకు అవకాశమూ లేదు, వ్యవధీ లేదు. మే 7న కీవ్‌లో అడుగుపెట్టిన పోలిష్, ఉక్రేనియన్ సేనలు జూన్ మధ్యకల్లా వెనుదిరిగాయి. నేల చేతిలో లేని ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రి ఏం చేయగలడు?

ఇక చదువరి గారు అడిగిన తేడా. 1917లో మిత్స్‌కేవిచ్ అక్కడి పోలిష్ అల్పసంఖ్యాకుల పేరు మీద కూర్చున్నారు, ఆయన శాఖ పేరే అది. 1920లో స్తెంపొవ్‌స్కీ, హెన్రిక్ యుజెఫ్‌స్కీ ఇద్దరూ పొరుగు రాజ్యంతో పొత్తుకు హామీగా కూర్చున్నారు. వారికి దక్కినవి మామూలు శాఖలు. మొదటిదాన్ని ఊరిపెద్దలు కులానికొకరిని పంచాయతీలో కూర్చోబెట్టుకోవడంతో పోల్చవచ్చు, రెండవది వియ్యంకుడి మనిషిని పేరోలగంలో పెట్టుకోవడం వంటిది.

యుజెఫ్‌స్కీ కథ మాత్రం వేరే స్థాయిది, దానికోసమే నేను మళ్లీ రాయడానికి కూర్చున్నాను. 1892లో కీవ్‌లో పుట్టారు, అక్కడే చదువుకున్నారు, చిత్రకారుడు. పిల్సూద్‌స్కీ రహస్య సైనిక సంస్థలో కీవ్ శాఖకు పనిచేశారు. 1920లో పెత్ల్యూరా ప్రభుత్వంలో ఆంతరంగిక వ్యవహారాల ఉపమంత్రి అయ్యారు. 1921 మార్చి 18న రీగా సంధిలో పోలండ్ తన మిత్రుడైన పెత్ల్యూరాను పక్కన పెట్టి బోల్షెవిక్కులతో సర్దుకుంది. ఉక్రేనియన్ సైనికులను పోలిష్ శిబిరాల్లో నిర్బంధించారు. ఆ ఏడాది మే నెలలో పిల్సూద్‌స్కీ ఒక శిబిరానికి వెళ్లి వారిని క్షమాపణ అడిగారు. యుజెఫ్‌స్కీ ఆ మాట తప్పడాన్ని మరిచిపోలేదు.

1928లో ఆయన్ను వోలిన్ ప్రాంతానికి గవర్నర్ వంటి వొయెవోదాగా నియమించారు. 1929 డిసెంబరు నుంచి కొన్ని నెలలు పోలండ్ ఆంతరంగిక మంత్రిగా చేశారు. ఒక దేశంలో ఉపమంత్రిగా చూసిన శాఖకే తొమ్మిదేళ్ల తరువాత మరో దేశంలో మంత్రి అయిన మనిషి ఇంకొకరు ఉంటారా అని నాకు అనుమానమే. 1930లో మళ్లీ వోలిన్‌కు వచ్చి 1938 దాకా ఉన్నారు. అక్కడ నూటికి 68 మంది ఉక్రేనియన్లు, 17 మంది లోపు పోలిష్ వారు. అంటే 1917 నాటి లెక్క తిరగబడింది: నేల మీద ఎక్కువమంది ఉక్రేనియన్లే, కుర్చీ మాత్రం పోలిష్ రాజ్యానిది. ఆయన లూత్స్క్‌లో కూర్చుని బడుల్లో రెండు భాషలూ నేర్పించారు, పెత్ల్యూరా పాత సహచరులను పాలనలోకి తెచ్చుకున్నారు, పెత్ల్యూరా మేనల్లుడు స్తెపాన్ స్క్రిప్నిక్ పోలిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యేందుకు దారి వేశారు. ఉక్రేనియన్ జాతీయవాదులు దీన్ని మోసమన్నారు, పోలిష్ జాతీయవాదులు ద్రోహమన్నారు. పిల్సూద్‌స్కీ 1935లో చనిపోయాక ఆయనకు అండ పోయింది, 1938 ఏప్రిల్‌లో పదవి నుంచి తప్పించి వూజ్ నగరానికి పంపారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అజ్ఞాతంలోకి వెళ్లి, తరువాత కమ్యూనిస్టు ప్రభుత్వానికి 1953 దాకా దొరకకుండా తిరిగారు. దొరికాక యావజ్జీవ శిక్ష పడింది, 1956లో విడుదలయ్యారు, 1981లో మరణించేదాకా బొమ్మలు వేసుకున్నారు. ఆయన కలపాలని చూసిన వోలిన్‌లోనే 1943లో ఉక్రేనియన్ తిరుగుబాటు సేన వేల సంఖ్యలో పోలిష్ గ్రామస్థులను చంపింది.

కోనసీమ చదువరి:

మాస్టారూ, అందరికీ ధన్యవాదాలు. రైతు గారి వాదమూ, యానాం అక్కగారి వాదమూ రెండూ నోట్సులో రాసుకున్నాను. చివరిగా ఒక చిన్న విషయం. నేను చదివిన చోట్ల వ్యాచెస్లావ్ లిపిన్‌స్కీ అనే పేరు కూడా పోలిష్ కుటుంబంవాడని కనిపించింది. ఆయనను కూడా ఈ వరుసలో చేర్చవచ్చా? ఇంకా, జవాబుపత్రంలో మిత్స్‌కేవిచ్ మొదటి పేరును ఎలా రాయాలి? ఒకచోట మెచిస్లావ్, ఒకచోట మ్యెచిస్వాఫ్ అని ఉంది.

యానాం పాఠకురాలు:

లిపిన్‌స్కీని చేర్చకండి తమ్ముడూ, ఎదురుగా నిలబెట్టండి. 1882లో వోలిన్‌లోని జాతుర్‌త్సిలో పోలిష్ కాథలిక్ కులీన కుటుంబంలో పుట్టి, కాథలిక్కుగానే ఉంటూ, తాను ఉక్రేనియన్‌నని ప్రకటించుకున్న మనిషి ఆయన. ఈ నేల మీది పోలిష్ కులీనులందరూ ఈ నేల జనంలో కలవాలని 1909లోనే పోలిష్ భాషలో చిన్న పుస్తకం రాశారు. 1918లో వియన్నాలో హెట్‌మన్ ప్రభుత్వ రాయబారి అయ్యారు. ఆయన పోలిష్ ప్రతినిధి కారు, ఉక్రేనియన్ అధికారి. మిత్స్‌కేవిచ్ మాత్రం పోలిష్ మనిషిగా ఉండిపోయే హక్కుతో ప్రభుత్వంలోకి వెళ్లారు.

ఇక పేరు సంగతి. పోలిష్ లిపిలో అడ్డగీత ఉన్న 'ల'ను 'వ' అని పలుకుతారు కాబట్టి వారి నోట మ్యెచిస్వాఫ్, ఉక్రేనియన్ల నోట మెచిస్లావ్. ఆయన ఉక్రెయిన్ మంత్రిగా వచ్చే ప్రశ్న కనుక మెచిస్లావ్ అని రాసి, పక్కనే 'పోలిష్ ఉచ్చారణ మ్యెచిస్వాఫ్' అని ఒక్క ముక్క చేర్చండి. కవి ఆడమ్ మిత్స్‌కేవిచ్‌తో కలిసిపోకుండా మొదటి పేరు ప్రతిచోటా రాయడం మాత్రం మరవకండి.